ముప్పై ఎనిమిది రోజులు, ఒక ఇంగ్లిష్ నవల

ఆ పుస్తకాన్ని నేను మొదట చేతిలోకి తీసుకున్నది తనిఖీ కోసం. మా అమ్మాయి పదో తరగతి. హనుమకొండలో పాత ఇంగ్లిష్ పుస్తకాలు కిలోల లెక్కన అమ్మే ఎగ్జిబిషన్ పెడితే స్నేహితురాళ్లతో వెళ్లి నాలుగు తెచ్చుకుంది. మూడింటి మీద నాకు పేచీ లేదు. నాలుగోదాని అట్ట మీద చొక్కా లేని కుర్రాడు, ఒంటి మీద ఏవో గీతలు, కింద న్యూయార్క్ మేడలు, అంతటా బంగారు రంగు వెలుగు. పేరు ‘సిటీ ఆఫ్ బోన్స్’. రాసినావిడ కసాండ్రా క్లేర్. ఎముకల పట్నం అన్నమాట. ప్రీఫైనల్స్ నెత్తి మీద పెట్టుకుని ఈ పిల్లకు ఎముకల పట్నంలో ఏం పని అనిపించింది.

అడిగితే, “నువ్వే చదువమ్మా. చదివినంక మాట్లాడు” అని పుస్తకం నా ఒళ్లో పడేసింది. నేను చదవలేనన్న ధీమా. ఆ ధీమాకు కారణం లేకపోలేదు. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. ఇప్పుడు హుజూరాబాద్‌లో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. రోజంతా ఇంగ్లిష్‌లోనే ఫైళ్లు నడుపుతాను గానీ అది వేరే ఇంగ్లిష్. పై విషయమై తమరికి విన్నవించుకునేది ఏమనగా అనే వరసలో, నలభై యాభై వాక్యాల చుట్టూ తిరిగే ఇంగ్లిష్. అందులో ఎవరూ నవ్వరు, అలగరు, ఎవరూ ఎవర్నీ ఏడిపించరు. ఇంగ్లిష్ నవల ఒక్కటైనా చివరిదాకా చదివిన పాపాన పోలేదు నేను.

నయీంనగర్‌లో బస్సెక్కితే భీమారం, హసన్‌పర్తి, ఎల్కతుర్తి దాటి హుజూరాబాద్ చేరడానికి గంట పడుతుంది. పొద్దున గంట, సాయంత్రం గంట. చదువుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక సీటు దొరకడం గగనమైందన్న సంగతి ఆ లెక్కలో మర్చిపోయాను. ఆధార్ చూపించి, జీరో టికెట్ పర్సులో పెట్టుకుని, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఐదు వందల పేజీలకు కాస్త తక్కువైన పుస్తకాన్ని మొహానికి ఎదురుగా పట్టుకుంటే మొదటిరోజు రెండు పేజీలు అయ్యాయి. పక్కన నిలబడ్డ ఆవిడ అట్ట చూసింది, తర్వాత నన్ను చూసింది. మర్నాడు పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను. పైన భద్రకాళి అమ్మవారు, కింద ఆ కుర్రాడు.

కథ న్యూయార్క్‌లో ఒక డాన్స్ క్లబ్ దగ్గర మొదలవుతుంది. పదహారో ఏడు దగ్గర పడుతున్న క్లారీ, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగే సైమన్ అనే పిల్లాడితో అక్కడికి వెళ్తుంది. స్టోర్ రూంలో తన ఈడు పిల్లలు ముగ్గురు కలిసి నీలం జుట్టు కుర్రాడొకణ్ని చంపడం చూస్తుంది. సైమన్ కాపలావాణ్ని వెంటబెట్టుకు వస్తాడు. వచ్చినవాళ్లకు క్లారీ తప్ప ఎవరూ కనిపించరు. చచ్చినవాడు మనిషి కాదనీ, చంపినవాళ్లు షాడోహంటర్లనీ, అంటే లోకంలోకి చొరబడే డీమన్లను వేటాడటమే వంశవృత్తిగా ఉన్నవాళ్లనీ మెల్లగా తెలుస్తుంది.

ఇక్కడ నాలుగు వాక్యాల్లో చెప్పేశాను గానీ నాకు తలకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. కారణం డిక్షనరీ. ఫోన్‌లో డిక్షనరీ తెరిచి పెట్టుకుని, తెలియని ప్రతి మాటకూ అర్థం వెతికి, పెన్సిల్‌తో పక్కన రాసుకునేదాన్ని. మొదటి పేజీ అంచులన్నీ నా రాతతో నిండిపోయాయి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. పైగా అంత కష్టపడి పట్టుకున్న మాటల్లో సగం బట్టల పేర్లు, జుట్టు రంగులు, క్లబ్బులో లైట్ల వర్ణనలు. వాటి అర్థం తెలియకపోయినా కథకు వచ్చిన నష్టమేమీ లేదు.

నా పెన్సిల్ గీతలు చూసి మా అమ్మాయి తల పట్టుకుంది. “ఇట్ల చదివితే నువ్వు రిటైర్ అయ్యేదాకా చదువుతవ్” అని ఒక రూల్ పెట్టింది. పేజీకి మూడు మాటలకు మించి వెతకొద్దు. అవి కూడా అదే పేజీలో రెండోసారి కనిపిస్తేనే. మిగతావి దాటేసుకుంటూ పోవాలి. సంతకం పెట్టే ముందు ప్రతి ముక్కా చదవాలని ఇరవై ఏళ్లుగా అలవాటైన ఉద్యోగికి ఇది చాలా కష్టం. కానీ పనిచేసింది. రెండో వారానికి రోజుకు పది పేజీలు, మూడో వారానికి పదిహేను.

కొన్ని మాటలు మాత్రం దాటేయడానికి వీల్లేనివి. డీమన్ అంటే తెలుగులో ఏమనాలి? దయ్యం అందామంటే మన దయ్యాలు చచ్చిపోయిన మనుషులు, వాళ్లకు తీరని కోరికలు ఉంటాయి. రాక్షసుడు అందామంటే మన రాక్షసులకు తల్లీతండ్రీ, వంశం, తపస్సు, వరం, ఇంత కథ ఉంటుంది. ఈ డీమన్లకు అవేవీ లేవు, వేరే లోకాల నుంచి సందు చూసుకుని దూరి వస్తాయి. భోజనాల దగ్గర ఇద్దరం చాలాసేపు వాదించుకుని చివరికి డీమన్‌ని డీమన్‌గానే వదిలేశాం.

ఇంకో మాట గ్లామర్. నాకు తెలిసిన గ్లామర్ సినిమా పేజీలో ఉండేది. ఈ పుస్తకంలో షాడోహంటర్లు గ్లామర్ కప్పుకుని తిరుగుతారని రాసి ఉంటే, బాగా మేకప్ చేసుకుని తిరుగుతారు కాబోలు అనుకుని ఇరవై పేజీలు చదివేశాను. తర్వాత తెలిసింది, అది ఎదుటివాళ్ల కళ్లకు అసలు రూపం కనపడకుండా చేసే మాయ అని. ఇంగ్లిష్‌లో ఆ మాటకు పాత అర్థమే అదట. గ్రామర్ అనే మాట స్కాట్లాండ్ వాళ్ల నోట్లో పడి గ్లామర్ అయిందనీ, చదువు వచ్చినవాడికి మంత్రాలు కూడా వచ్చి ఉంటాయన్న నమ్మకం వల్ల ఆ అర్థం వచ్చిందనీ డిక్షనరీలో చూసి ఆశ్చర్యపోయాను. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట మనకు ఎప్పటి నుంచో ఉంది. కనికట్టు. కన్ను కట్టేయడం. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి మొదటిసారి పుస్తకం విషయంలో నన్ను మెచ్చుకుంది. “నీ మాటనే బాగుందమ్మా” అంది.

డిక్షనరీకి లొంగనిది ఒకటే, వెటకారం. జేస్ అనే కుర్రాడు, అంటే అట్ట మీది ఆ వీరుడే, ఒక్క మాట సూటిగా మాట్లాడడు. ఒక్కొక్క మాటకూ అర్థం తెలుస్తుంది, మొత్తం వాక్యానికి తెలియదు. ఆ సంభాషణలు రాత్రి పూట మా అమ్మాయి గొంతు మార్చి చదివి వినిపించేది. అప్పుడు గానీ వాడు తిడుతున్నాడో, జోకేస్తున్నాడో, భయపడుతున్నాడో అర్థమయ్యేది కాదు. మూడూ ఒకేసారి అని దాని అభిప్రాయం. నాకైతే వాడికంటే సైమన్ నచ్చాడు. ఆ పిల్ల కోసం ప్రాణం పెడతాడు, ఆ పిల్లకు అది తెలియదు, మధ్యలో పాపం ఎలుక కూడా అవుతాడు. పార్టీలో ఎవరో ఇచ్చిన నీలం రంగు డ్రింకు తాగినందుకు! ఊరూపేరూ లేనివాళ్లు ఇచ్చింది తాగొద్దని చెప్పే ప్రతి తల్లికీ ఆ సీను చదివితే ప్రాణం లేచొస్తుంది.

ఇట్లాంటి వాటిని అర్బన్ ఫాంటసీ అంటారట. నా చిన్నప్పుడు చదివిన చందమామ కథల్లోనూ, జానపద సినిమాల్లోనూ మాయలు ఎప్పుడూ ఏడు సముద్రాల అవతలే జరిగేవి. అనగనగా ఒక రాజ్యం. ఇక్కడ మాయ అంతా సిటీ బస్సు తిరిగే వీధిలోనే ఉంటుంది. షాడోహంటర్లు ఉండే ఇన్‌స్టిట్యూట్ మామూలు కళ్లకు పాడుబడ్డ చర్చిలా కనిపిస్తుంది. ఎముకల పట్నం కూడా ఊరవతల ఎక్కడో లేదు, ఒక స్మశానం కింద ఉంది. మనం రోజూ నడిచే చోటే ఇంకొకటి నడుస్తోంది, మనకు కనపడటం లేదంతే. అందుకే ఊరు ఎంత పాతదైతే ఈ రకం కథకు అంత బలం.

ఈ ముక్క అర్థమయ్యాక మేమిద్దరం ఒక ఆట మొదలుపెట్టాం. న్యూయార్క్ బదులు ఈ కథ ఓరుగల్లులో జరిగితే ఏది ఎక్కడ ఉంటుంది? బ్రూక్లిన్ అంటే నది అవతల ఉన్న న్యూయార్క్ భాగం అని చెబుతూ, “మనకు కాజీపేట అనుకో” అంది మా అమ్మాయి. చదువుతున్నంతసేపూ నా మనసులో బ్రూక్లిన్‌కు రైల్వే క్వార్టర్సే కనిపించాయంటే తప్పు దానిదే. ఒక ఆదివారం దాన్ని తీసుకుని వరంగల్ కోటకు వెళ్లాను. మట్టికోట దాటి, రాతికోట దాటి లోపలికి పోతే నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో విరిగిన నందులు, స్తంభాలు. కోట గోడల లోపలే జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఏడెనిమిది వందల ఏళ్లు ఒకేచోట ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటే ఇక కనికట్టు వేరే ఎందుకు?

ఇన్‌స్టిట్యూట్ కోటలోని ఖుష్ మహల్‌లో ఉంటుందని దాని వాదన. ఏటవాలు గోడలు, పెద్ద పెద్ద కమాన్లు, చూడగానే ఏదో ఉన్నట్టే ఉంటుంది. నేను ఒప్పుకోలేదు. టూరిస్టులు వచ్చి సెల్ఫీలు దిగే చోట ఎవరు దాక్కుంటారు? అందరూ దాటిపోతూ ఎవరూ చూడని చోటు కావాలి. “ఆజంజాహి మిల్లు” అన్నాను. నిజాం కాలంలో 1934లో మొదలై, ఒకప్పుడు ఊరికి ఊరే బతికిన బట్టల మిల్లు. మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడ మిల్లు ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. మా తాత, అంటే మా అమ్మ వాళ్ల నాన్న, అందులో పనిచేశాడు. ఊళ్లో భూమి లేక పని కోసం వరంగల్ వచ్చారని మా అమ్మ చెప్పేది. అప్పుడు నేను ఆటలో గెలిచానన్న సంబరంలో ఆ మాట అట్లా అనేసి ఊరుకున్నాను.

పుస్తకం మధ్యలో కొంచెం నీరసపడుతుంది. హాడ్జ్ అని ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన నోరు తెరిస్తే చరిత్ర పాఠమే. ఎవరు ఎవరికి ఎదురు తిరిగారు, మోర్టల్ కప్ అనే గిన్నె ఎందుకంత ముఖ్యం, వాలెంటైన్ అనేవాడు ఎంత చెడ్డవాడు. ఇవి లేకపోతే ముందుకు అర్థం కాదు, నిజమే. కానీ ఎల్కతుర్తి దగ్గర బస్సు ఆగి కదిలేలోపు నాకు నిద్ర వచ్చిన రోజులన్నీ హాడ్జ్ మాట్లాడిన రోజులే. రక్తపిశాచాల హోటల్ వచ్చాక మళ్లీ పేజీలు పరుగెత్తాయి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జేస్‌తో కలిసి పెరిగిన అలెక్ అనే అబ్బాయి మనసులో జేసే ఉంటాడు. బయటికి చెప్పుకోలేడు. మా అమ్మాయి ఆ వారంలో రెండుసార్లు అడిగింది, “అమ్మా, అలెక్ దగ్గరికి వచ్చినవా?” అని. నేను ఏమంటానో అని దాని భయమని అర్థమైంది. పుస్తకం లాగేసుకుంటానేమో అనుకుంది. ఆ పిల్లాడి బాధ నాకు బాగానే అర్థమైంది. అందరితో కసురుకుంటూ తిరగడం ఎందుకో తెలిశాక వాడి మీద కోపం పోయింది. “పాపం ఎవరికి చెప్పుకుంటడు?” అన్నాను. అది ఏమీ అనకుండా నా ప్లేట్లో ఇంకో చపాతీ వేసింది.

అసలు నన్ను పట్టుకున్నది వీళ్లెవరూ కాదు. క్లారీ వాళ్ల అమ్మ జోసలిన్. బొమ్మలు వేసుకుంటూ కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటుంది. ఒక సాయంత్రం కూతురికి ఫోన్ చేసి ఇంటికి రావద్దని చెబుతుంది. వెనక ఏదో పగిలిన చప్పుడు, ఫోన్ ఆగిపోతుంది. అది చదివిన ఉదయం ఆఫీసు మెట్ల మీదే నిలబడి మా అమ్మకు ఫోన్ చేసి, పిల్ల బడికి వెళ్లిందా అని అడిగాను. బస్సెక్కే ముందు నేనే పంపించి వచ్చానని గుర్తుకొచ్చేసరికి అమ్మ అవతల నవ్వుతోంది.

తర్వాత ఎప్పటికో బయటపడేది ఏమిటంటే, జోసలిన్ ఒకప్పుడు షాడోహంటరే. ఆ లోకం నుంచి పారిపోయి వచ్చి మామూలు మనిషిలా బతుకుతోంది. కూతురికి పుట్టుకతోనే ఆ మాయలు కనిపించే చూపు ఉంది. ఆ చూపు తెలియకుండా ఉండాలని, పసిపిల్లగా ఉన్నప్పటి నుంచి రెండేళ్లకోసారి మాగ్నస్ బేన్ అనే మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి, చూసినవన్నీ మర్చిపోయేలా చేయిస్తూ వచ్చింది. క్లారీకి ఈ సంగతి తెలిసిన రోజు తన బాల్యంలో ఏది నిజమో తెలియక కూలబడుతుంది.

మా ఇంట్లో ఆ రాత్రి పెద్ద గొడవ. “ఎంత మోసం! అది క్లారీ మైండ్. వాళ్లమ్మది కాదు” అని మా అమ్మాయి. కాపాడుకోవాలంటే ఏం చేస్తుంది, చిన్నపిల్లకు అన్నీ చెప్పి కూర్చోబెడుతుందా అని నేను. పదిహేనేళ్లవాళ్ల కోసం రాసిన పుస్తకంలో నేను వెళ్లి వాళ్లమ్మ పక్కన నిలబడ్డాను. రాసినావిడ అనుకుని ఉండదు. పైగా ఆ తల్లికి పుస్తకంలో చోటే తక్కువ, మొదట్లో కాసేపు కనిపించి మాయమవుతుంది. దొరికాక కూడా కళ్లు తెరవదు. ఆమె లేచి ఒక్క మాట మాట్లాడితే విందామని నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

మేమింత అరుచుకుంటుంటే మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు చదవడం కొద్దిగా వచ్చు. ఏమైందే అని అడిగితే కథ చెప్పాను. ఒక తల్లి తన పుట్టింటివాళ్ల సంగతి బిడ్డకు చెప్పకుండా దాచిపెట్టింది, అది మంచా చెడా అని వాదులాడుకుంటున్నాం అన్నాను. అమ్మ తల ఎత్తలేదు. “దాచేటిది ఉంటె దాస్తరు” అంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చుకునేదాన్ని. ప్రేమ నవలలు తెచ్చినా అమ్మ ఏమీ అనేది కాదు. ఒకసారి చేతబడి నవల తెచ్చాను. 1980ల్లో వారపత్రికల్లో అవి ఊపేసిన రకం, నా కాలానికి అట్టలు చిరిగి షాపుల్లో తిరుగుతుండేవి. అట్ట మీద నిమ్మకాయలు, పుర్రె. అమ్మ దాన్ని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. షాపువాడికి డబ్బు కట్టాల్సి వచ్చింది. దయ్యాలంటే భయమనుకున్నాను అప్పట్లో. దయ్యాల సినిమాలు మాత్రం హాయిగా చూసేది. ఈ రెండూ ఎట్లా కుదురుతాయని నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మమ్మ వాళ్ల ఊరు పరకాల అవతల అని తెలుసు. ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. అక్కడ మనవాళ్లెవరూ లేరు అనేది. అది కూడా ఆలోచించలేదు.

రెండు రోజులు ఊరుకుని, పిల్ల ట్యూషన్‌కు వెళ్లినప్పుడు అడిగాను. “అమ్మా, తాత మిల్లులో పనికి వచ్చిండా, లేక ఊళ్లె ఏమన్న అయిందా?”

“ఎవరు చెప్పిండ్రు నీకు?” అంది వెంటనే. ఎవరూ చెప్పలేదంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, అదీ ముక్కలు ముక్కలుగా, మధ్యలో లేచి పాలు పొంగుతున్నాయేమో చూసి వచ్చి.

మా అమ్మమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ ఊళ్లో మంత్రసాని. పక్క ఊళ్లకు కూడా పురుళ్లు పోయడానికి వెళ్లేది. ఒక ఏడు ఒకే వాడలో వరసగా ఇద్దరు పసిపిల్లలు పోయారు. ఇద్దరికీ పురుడు పోసింది అవ్వే. ముందు ఎవరో ఒకరన్నారు, తర్వాత అందరూ అన్నారు. మంత్రసాని అన్న మాటలో వాళ్లకు సాని పోయి మంత్రం ఒక్కటే మిగిలింది. పంచాయితీ పెట్టారు. పండ్లు రాలగొడతామన్నారు. పండ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. అప్పుడు మా అమ్మకు పన్నెండేళ్లు. రాత్రికి రాత్రి పరకాల దాకా నడిచి, తెల్లారి మొదటి బస్సుకు వరంగల్ వచ్చారు. తాత మిల్లులో చేరడం ఆ తర్వాత సంగతి. భూమి లేక రావడం కాదు. ఉన్న ఎకరంన్నర అట్లాగే వదిలేసి వచ్చారు.

“మాకెందుకు చెప్పలె?” అన్నాను.

“చెప్తె ఏమైతది? బళ్లె నువ్వొక పిల్లకు చెప్తవు. ఆ పిల్ల వాళ్లమ్మకు చెప్తది. పేరు వెంబడే వస్తది బిడ్డా.”

ఆ తర్వాత బస్సులో మాగ్నస్ బేన్ పేజీలు మళ్లీ తిరగేశాను. ఆయన బ్రూక్లిన్ మొత్తానికీ పెద్ద వార్లాక్. పిల్లి పుట్టినరోజుకు ఇంట్లో పార్టీ ఇస్తాడు, కళ్లకు మెరుపులు పూసుకుంటాడు, మంత్రానికి ఇంత అని డబ్బు తీసుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను, మా అమ్మాయికి పుస్తకం మొత్తంలో వాడంటేనే ఇష్టం. రెండోసారి చదువుతుంటే నవ్వు రాలేదు. ఇప్పటికీ మన జిల్లాల పేజీల్లో అప్పుడప్పుడు మంత్రాల నెపంతో దాడి అని వార్త వస్తూనే ఉంటుంది. చేతబడి చేసే మంత్రగాళ్లు లేరని నాకు తెలుసు. ఉన్నారని నమ్మిన ఊళ్లో మా అవ్వ బతికింది. అయితే పుస్తకం మీద కోపమూ రాలేదు. ఎక్కడో న్యూయార్క్ గురించి రాసుకున్న ఆవిడకు మా పరకాల రోడ్డు సంగతి ఏం తెలుసు? ఆవిడ రాయకపోతే నేనైనా అడిగేదాన్ని కాదు.

చివరి ఎనభై పేజీలు ఒక శనివారం రాత్రి మేలుకుని చదివేశాను. ముప్పై ఎనిమిదో రోజు. ఆఖరి పోరాటం ఒక ద్వీపం మీద పాడుబడిన మశూచి ఆస్పత్రిలో జరుగుతుంది. రూజ్‌వెల్ట్ ఐలాండ్‌లో అటువంటి శిథిలం నిజంగానే ఉందని మర్నాడు మా అమ్మాయి ఫోన్‌లో ఫొటోలు చూపించింది. చివరి మలుపు ఏమిటో చెప్పను, చదవబోయేవాళ్లు తిడతారు. తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఆ మలుపు పాత చుట్టమే అని మాత్రం చెప్పగలను. నాకు చిరాకేసింది. మా అమ్మాయేమో, “అది ఫైనల్ కాదమ్మా, ముందు చూడు” అని ఊరిస్తోంది. 2007లో వచ్చిన ఈ మొదటిదాని తర్వాత ఈ వరసలోనే ఇంకో ఐదు ఉన్నాయట. జోసలిన్ మాత్రం ఆఖరి పేజీ దాకా ఆస్పత్రి మంచం మీద నిద్రలోనే ఉంది. అది నాకు అన్యాయంగా తోచింది.

అవ్వ సంగతి మా అమ్మాయికి చెప్పాలా వద్దా అని పది రోజులు తేల్చుకోలేకపోయాను. అమ్మను అడిగితే, “నీ బిడ్డ, నీ ఇష్టం” అంది. అట్లాంటప్పుడు అమ్మ ఇష్టం వేరే ఉంటుంది, అయినా చెప్పాను. పరీక్షలు అయిపోయాక, డాబా మీద, కరెంటు పోయిన రాత్రి. నేను అనుకున్నంత గొడవ చేయలేదు అది. ఊరి పేరు అడిగింది. ఎకరంన్నర ఎవరు దున్నుకుంటున్నారని అడిగింది. నాకూ తెలియదన్నాను. కాసేపాగి, “తాతమ్మ ఎట్లుండేది?” అంది.

షాడోహంటర్లు స్టెలీ అనే పుల్లతో చర్మం మీద రూన్లు గీసుకుంటారు. దెబ్బ మానడానికి ఒకటి, కనపడకుండా ఉండటానికి ఒకటి. పుస్తకంలో ఆ గీతల గురించి వచ్చినప్పుడల్లా నాకు అవ్వ చేతులే గుర్తొచ్చేవి. మోచేతి దాకా పచ్చబొట్లు. నేను చిన్నప్పుడు ఆ చుక్కలు లెక్కపెడుతూ పడుకునేదాన్ని. అదే చెప్పాను. అది వెంటనే కిందికి వెళ్లి పుస్తకం, నా పెన్సిల్ తెచ్చింది. వెనక ఖాళీ పేజీలో ఫోన్ లైటు వెలుతురులో చెయ్యి బొమ్మ గీసి, ఎక్కడ ఏముండేదో చెప్పమంది. మణికట్టు చుట్టూ చుక్కల వరస, దాని పైన చిన్న ముగ్గు, ఇంకా పైకి తేలు. నాకు గుర్తున్నంత చెప్పాను.

మా మాటలు వినిపించి కాబోలు, అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కళ్లజోడు లేకుండా పుస్తకాన్ని దూరంగా పట్టుకుని కాసేపు చూసింది.

“తేలు తోక ఆ దిక్కు గాదు,” అని మనవరాలి చేతిలో పెన్సిల్ తీసుకుంది.